గేరు పెట్టె నాడి

విజయవాడలో బందరు రోడ్డు వెంట తూర్పుగా సాగి పటమట చేరువకు వచ్చేసరికి గాలిలో ఒక సందడి కలుస్తుంది. రేకుమీద సుత్తి పడే చప్పుడు, వెల్డింగు చిటపట, ఎవరో లారీ ఇంజనును రేపి, వదలి, మళ్లీ రేపి చెవియొగ్గి వింటున్న ధ్వని. అదే జవహర్ ఆటోనగరం. ఊరి వీధులలో చెదరి ఉన్న మరమ్మతు షెడ్లు, లారీ బాడీలు కట్టే కార్ఖానాలు, విడిభాగాల దుకాణాలు 1966 నుండి అక్కడ కుదురుకొన్నవి. నేడు అది సుమారు 275 ఎకరాలలో విస్తరించి ఉన్నది. రేడియోలో ఉద్యోగం చేసేవానికి చప్పుళ్లమీద ఆసక్తి ఉండడం సహజం. ఆ సందడి నడుమ నేను ఎక్కువగా గమనించినది వినేవారిని. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను గేరు పెట్టెకు ఆనించి, పిడిని చెవికి చేర్చి, కన్నులు మూసి నిలబడిన మెకానిక్కును చూస్తే నాడి పట్టిన వైద్యుడు జ్ఞప్తికి వస్తాడు.

అర్ధశతాబ్దికి పైగా ఆ షెడ్లకు అన్నం పెట్టిన ఈ చెవి విద్య ఒక కొత్త యంత్రం ముందు ఎట్లా తడబడినదో, మరల ఎట్లా నిలదొక్కుకొన్నదో చెప్పాలని నా ఉద్దేశం. ఆ యంత్రం ఆటోమేటిక్ గేరు పెట్టె.

కృష్ణా డెల్టాలో సరకు మొదట నీటిమీద నడిచినది. 1852–55 సంవత్సరాల మధ్య ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు నడుమ ఆనకట్ట కట్టిన తరువాత కాలువలు పంటకు నీరివ్వడమే కాక పడవలకు బాటలు కూడ అయినవి. 1893లో కృష్ణమీద రైలు వంతెన పూర్తయి బెజవాడ పెద్ద జంక్షను అయినది. 1957లో పాత ఆనకట్టకు బదులు ప్రకాశం బారేజి వచ్చినది. దానిమీద రోడ్డు వేశారు. మద్రాసు నుండి కలకత్తా పోయే బాట, హైదరాబాదు నుండి మచిలీపట్నం పోయే బాట ఇక్కడనే ఒకదానిని ఒకటి దాటుతవి. ధాన్యం బస్తాలకు, గుంటూరు మిరపకు, నూజివీడు మామిడికి లారీ కావలసి వచ్చినది. లారీ ఉన్నచోట దాని రోగాలూ ఉంటవి. బండి చెడితే మద్రాసుకో బొంబాయికో పంపి కూర్చునే తీరిక సరకు యజమానికి లేదు. కనుక ఇక్కడనే విప్పడం, ఇక్కడనే బిగించడం నేర్చుకొన్నారు.

పాత లారీ గేరు పెట్టె వాచాలుని వంటిది. తనకేమి బాధగా ఉన్నదో అది దాచుకొనదు. బేరింగు అరిగితే ఊళపెడుతుంది. పంటి చక్రం విరిగితే తిరుగుడు తిరుగుడుకూ ఒక దెబ్బ వినిపిస్తుంది. ఎక్కుడులో గేరు తనంతట తాను జారి బయటికి వచ్చిందంటే లోపలి ఫోర్కో, పంటి అంచులో అరిగినవని తెలుస్తుంది. క్లచ్చి ప్లేటు కాలితే ఆ వాసన పక్క షెడ్డుకు కూడ చేరుతుంది. గేరు కర్రను పట్టుకొన్న అరచేతికి తెలిసేది మరికొంత. ఈ విద్యకు పుస్తకం లేదు. పది పన్నెండేళ్ల వయసులో స్పానర్లు అందివ్వడానికి చేరిన కుర్రవాడు పాతికేళ్లు నిండేసరికి మేస్త్రి అయ్యేవాడు. బడికి పోవలసిన పిల్లలు అట్లా షెడ్లకు పోవడం మంచిదని నేననడం లేదు. విద్య అందిన తీరు మాత్రం అది.

ఇక ఆటోమేటిక్ గేరు కథ మొదలైనది రోడ్డుమీద కాదు, ఓడలో. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు స్టెట్టిన్ నగరంలోని ఓడల కర్మాగారంలో పనిచేస్తూ 1905లో ఒక పేటెంటు తీసుకొన్నాడు. ఆవిరి టర్బైను మహావేగంగా తిరుగుతుంది. ఓడ చక్రం నెమ్మదిగా తిరగాలి. ఈ రెంటినీ పంటి చక్రాలతో కలపడానికి మారుగా ద్రవంతో కలపవచ్చునని ఆయనకు తోచినది. రెండు పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇచ్చి చూడండి. ఆ గాలికి రెండవ పంకా కూడ కదలుతుంది. గాలికి బదులు ద్రవాన్ని పెట్టి, రెంటినీ ఒకే డిప్పలో మూసి, నడుమ ద్రవాన్ని మళ్లించే మూడవ రెక్కల చక్రాన్ని అమర్చితే శక్తి బదిలీ కావడమే కాక తిప్పే బలం హెచ్చుతుంది కూడ. నేడు మెకానిక్కులు టార్క్ కన్వర్టరు అనేది దానినే. ఫోటింగర్ తొలి యంత్రాలలో ద్రవం నీరే. ఈ మాట గుర్తుంచుకొనవలెను. నీటి ప్రసక్తి మరల రాబోతున్నది.

దీనిని కారులోకి తెచ్చినవారు అమెరికనులు. 1939లో జనరల్ మోటార్సు సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కారుకు హైడ్రామాటిక్ అనే గేరు పెట్టెను అమర్చినది. ద్రవపు జోడు ఒకటి, దాని వెనుక నాలుగు వేగాలనిచ్చే చక్రాలు. ఎడమకాలికి క్లచ్చి పెడలు లేదు. రెండవ ప్రపంచయుద్ధంలో అదే పెట్టెను కొన్ని తేలిక టాంకులలో వాడారు. యుద్ధరంగంలో అది మన్నిన సంగతి తరువాత ప్రకటనలకు బాగా పనికివచ్చినది. 1948లో బ్యూయిక్ కారుకు టార్క్ కన్వర్టరుతో డైనాఫ్లో వచ్చినది. ఆ పెట్టెలలో పోసే నూనెకు ఎర్రరంగు కలపడం అలవాటైనది. కారు కింద చుక్క కనిపిస్తే అది ఇంజను ఆయిలా, గేరు ఆయిలా అని తేలికగా తెలియడానికి. ఆ నూనెలో చాలకాలం తిమింగల తైలం కూడ కలిపేవారు. పలకలు ఒకదానినొకటి మెత్తగా పట్టుకొనడానికి దానిని మించినది దొరకలేదట. 1970 దశకం తొలి సంవత్సరాలలో తిమింగలాలను కాపాడే చట్టాలు అమెరికాలో వచ్చాక రసాయనికులు దానికి ప్రత్యామ్నాయం వెదకవలసి వచ్చినది. కారు గేరుకు సముద్రజీవి బలి కావడం మనకు వింతగా తోచవచ్చు. నాటివారికి వింతగా తోచలేదు.

ఈ పెట్టెలో గేరు మారడమంటే ఏమిటి? నడుమ ఒక సూర్యచక్రం, దాని చుట్టూ గ్రహచక్రాలు, వాటిని చుట్టి పంటి వలయం. వీటిలో ఏదో ఒకదానిని కదలకుండ పట్టుకొంటే ఒక వేగం; ఇంకొకదానిని పట్టుకొంటే ఇంకొక వేగం. పట్టుకొనేవి కాగితం వంటి పొర అంటించిన ఉక్కు పలకల దొంతరలు. వాటిని అదిమేది నూనె ఒత్తిడి. ఆ నూనెను ఎప్పుడు ఎటు పంపాలో నిర్ణయించేది కవాటాల పలక; వెనుకటి రోజులలో అది స్ప్రింగులతో ఆలోచించేది, ఇప్పుడు కంప్యూటరు ఆజ్ఞతో విద్యుత్ కవాటాలు ఆ పని చేస్తున్నవి. అంటే ఈ పెట్టెలో నూనె కేవలం కందెన కాదు. శక్తిని మోసేది అదే, చేయివలె పట్టుకొనేది అదే, వేడిని తీసికొనిపోయేది అదే. కనుకనే ఇది మాట్లాడదు. పళ్లు విరిగే రోగాలు దీనికి తక్కువ. జారుతుంది, ఆలస్యం చేస్తుంది, కుదుపుతుంది. స్క్రూడ్రైవరును చెవికి ఆనించిన మేస్త్రికి ఏమీ వినబడదు.

భారతదేశానికి ఇది ఆలస్యంగా వచ్చినది. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, బొంబాయిలో తయారైన ప్రీమియర్ కార్లు మన రోడ్లను ఏలిన కాలంలో గేరు చేతితోనే వేయాలి. పెట్రోలు ఎక్కువ తాగుతుందని, ధర ఎక్కువని, చెడితే బాగుచేసేవాడు లేడని జనం భయపడ్డారు. మూడు భయాలకూ ఆనాడు ఆధారం లేకపోలేదు. తొంభైల దశకంలో కొన్ని చిన్న కార్లకు ఆటోమేటిక్ వచ్చినా కొన్నవారు కొద్దిమంది. 2014 ఫిబ్రవరిలో మారుతి సంస్థ సెలేరియో కారును విడుదల చేసినది. అందులో ఉన్నది మామూలు గేరు పెట్టెయే. క్లచ్చి తొక్కే పనిని, గేరు వేసే పనిని ఒక యంత్రహస్తానికి అప్పగించారు. ధర అందుబాటులో ఉండడంతో మధ్యతరగతివారు ధైర్యం చేశారు. అదే సంవత్సరం మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయినది. బెంజి సర్కిలు దగ్గరనో, రామవరప్పాడు రింగు దగ్గరనో సాయంకాలం ఒక గంట నిలిచినవారికి ఎడమకాలు విశ్రాంతి విలువ చెప్పనక్కరలేదు.

ఆ కార్లు ఇప్పుడు చేతులు మారుతున్నవి. పాత ఆటోమేటిక్ కారు కొనేవారు మొదట తెలుసుకొనవలసినది దానిలో ఉన్న పెట్టె ఏ జాతిదన్నది. యంత్రహస్తం పెట్టిన మామూలు పెట్టె ఒకటి. టార్క్ కన్వర్టరు పెట్టె ఒకటి. రెండు కప్పీల మధ్య ఉక్కు పట్టీ పరుగెత్తే సి.వి.టి. ఒకటి; రెండు క్లచ్చిల పెట్టె మరొకటి. లక్షణం ఒకటే కావచ్చును, రోగం వేరు. బయలుదేరేటప్పుడు వణకితే మొదటిదానిలో క్లచ్చి ప్లేటు అరిగి ఉండవచ్చును. అది పెద్ద ఖర్చు కాదు. సి.వి.టి.లో అదే వణుకు పట్టీకి సంబంధించినదైతే భారం ఎక్కువ. అమ్మేవాడు అన్నిటినీ ఆటోమేటిక్ అనే ఒక్క మాటలో కలిపేస్తాడు. అక్కడ మోసపోవద్దు.

టార్క్ కన్వర్టరు పెట్టెకు మొదటి పరీక్ష నూనె. కొలకర్ర ఉన్న కారైతే సమతలంలో నిలిపి, వేడెక్కిన తరువాత, తయారీదారు పుస్తకంలో చెప్పిన విధంగా చూడాలి. చాల కార్లకు ఇంజను తిరుగుతుండగా చూడాలి. కొన్నిటికి ఆపిన నిమిషంలోపల చూడాలి. ఈ చిన్న భేదం తెలియక ఎక్కువ నూనె పోసి నురుగు తెప్పించి చెడగొట్టినవారున్నారు. కర్ర లేని కార్లకు కింది మర తీసి నూనె వేడిని కొలిచి చూడవలసి ఉంటుంది. అది షెడ్డులో జరగవలసిన పని. తెల్లని గుడ్డమీద ఒక చుక్క వేస్తే ఎర్రగా, పారదర్శకంగా ఉన్నది ఆరోగ్యం. కొంచెం గోధుమరంగు తిరిగినది వయసు. నల్లబడి మాడిన వాసన వస్తే పలకలు కాలినవి. రోజ్ మిల్కు రంగు కనిపిస్తే నీరు కలిసినది. రేడియేటరు లోపలి నూనె గొట్టం చిట్లితే కూడ ఈ రంగు వస్తుంది. అప్పుడు తరచు రేడియేటరు నీటిలోనూ నూనె జిడ్డు తేలుతుంది. గుడ్డమీద ఇత్తడి రజను మెరిస్తే బేరము విడిచిపెట్టి రావడం మేలు. నూనెతొట్టి అడుగున అయస్కాంతానికి అంటిన బూడిదరంగు మెత్తని పేస్టు మాత్రం సహజమే. దానిని చూపి భయపెట్టేవారిని నమ్మనక్కరలేదు.

రెండవది కాలపరీక్ష. బ్రేకు తొక్కి న్యూట్రలు నుండి ముందు గేరుకు, తరువాత వెనుక గేరుకు మార్చి, పట్టు అందేవరకు ఎంతసేపు పట్టినదో లెక్కించాలి. ఒకటి, ఒకటిన్నర సెకనులలో మెత్తగా అందాలి. రెండు వైపులా ఆలస్యమైతే నూనె తక్కువ కావచ్చును, వడపోత మూసుకొని ఉండవచ్చును, పంపు బలహీనపడి ఉండవచ్చును. రెంటికీ ఉమ్మడియైనవి అవే గదా. ఒకవైపే ఆలస్యమైతే ఆ వైపు పలకల దొంతరను, దాని సీళ్లను అనుమానించాలి. ప్రతి పెట్టెకూ ఏ గేరులో ఏ క్లచ్చి పట్టుకొంటుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. జారే గేర్లన్నిటిలో పనిచేసి, జారని గేర్లలో పనిచేయనిది ఏదో ఆ పట్టికలో వెదకితే పెట్టె విప్పకముందే దోషి దొరుకుతాడు. తర్కశాస్త్రం చదివిన వారికి ఇది కొత్త కాదు. బ్రేకు తొక్కి పట్టి ఇంజనును రేపి చూసే పరీక్ష ఇంకొకటి ఉన్నది. ఇంజను చెప్పిన అంకెకు మించి పరుగెత్తితే పలకలు జారుతున్నవి, అంకెకు చాల తక్కువైతే ఇంజనుకో కన్వర్టరుకో జబ్బు. అది అయిదు సెకనులకు మించరాదు, నూనె కాలిపోతుంది. అనుభవం లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కంప్యూటరు సంగతి. దోషం కనిపెట్టినప్పుడు అది ఒక సంకేతాన్ని రాసుకొని, పెట్టెను కాపాడడానికి బండిని ఒకే గేరులో నడిపిస్తుంది. యంత్రం పెట్టి ఆ సంకేతం చదవవచ్చును. చదివినంతమాత్రాన రోగనిర్ణయం అయినట్లు కాదు. విద్యుత్ కవాటం పేరు వచ్చినదంటే కవాటం పాడై ఉండవచ్చును, తీగ తెగి ఉండవచ్చును, ప్లగ్గులో చిలుము పట్టి ఉండవచ్చును. అమ్మకానికి ముందు సంకేతాలను చెరిపివేసేవారు కూడ ఉన్నారు. అందుచేత కారును చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిచి వేడెక్కిన తరువాత ఇంకొకసారి చూడాలి. మనం వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే మరునాడు ఉదయం వస్తామని చెప్పాలి.

ఇదంతా తెలిసి కూడ నేను మోసపోయాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ ఉత్తరభాగాన్ని ముంచినది. అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీటిలో నిలిచినవి. మరునాటికి ప్రకాశం బారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినది. ఇళ్లముందు నిలిపిన వాహనాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నవి. వరద తీసిన తరువాత ఆటోనగరానికి వాటిని తాళ్లుకట్టి లాగుకొని వచ్చారు. ఇంజనులోకి నీరు పోతే తెలుస్తుంది, బండి కదలదు. గేరు పెట్టెకు పైభాగాన గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది. నీరు దానిని దాటి నిలిచినదంటే మెల్లగా లోపలికి దిగుతుంది. ఆ కాగితపు పొర నీటిని పీల్చుకొంటుంది. అంటించిన జిగురు వదులవుతుంది. నూనె మార్చితే బండి నడుస్తుంది. కొన్నాళ్లు నడుస్తుంది.

మరుసటి సంవత్సరం ఆరంభంలో నేనొక పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. అమ్మిన దళారి పేరు, కారు పేరు ఇక్కడ అప్రస్తుతం. నూనె చూశాను, కెంపువలె ఎర్రగా ఉన్నది. సంతోషించాను. మూడు నెలల తరువాత కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కుతుండగా ఇంజను హెచ్చుగా పరుగెత్తినది, కారు వేగం పెరగలేదు. ఒక పెద్ద సర్వీసు కేంద్రంలో యంత్రం పెట్టి, ఒక కవాటపు సంకేతం చూపి, పెట్టె మొత్తం మార్చాలన్నారు. వారు చెప్పిన అంకె కారుకు నేనిచ్చిన ధరలో సగానికి దగ్గరగా ఉన్నది.

ఆటోనగరంలో ఒక వృద్ధ మేస్త్రి వద్దకు పోయాను. ఆయన కారు మూత ఎత్తలేదు. డ్రైవరు సీటు బెల్టును చివరికంటా బయటికి లాగాడు. లోపల చుట్టుకొని ఉండే భాగంలో రేగడి మట్టి చార ఒకటి అడ్డంగా ఉన్నది. తరువాత సీటు కింది పట్టాల తుప్పు చూపించాడు. అప్పుడు నూనె చూశాడు.

“ఆయిలు కొత్తదండీ, కారు పాతది. ఎందుకు మార్చారో అడిగారా?” అన్నాడు.

అడగలేదు.

ఆయన బండి నడిపి, సమతలమైన రోడ్డుమీద నాలుగో గేరులో జారడం గమనించి, ఓవర్‌డ్రైవు మీట నొక్కి దానిని ఆపించాడు. మూడులో జారలేదు. వెనుక గేరు గట్టిగా పట్టినది. పంపు బాగున్నది, ఒత్తిడి బాగున్నది, నాలుగో గేరుకు మాత్రమే పనిచేసే పలకలు పోయినవని తేల్చాడు. లాప్‌టాప్ పట్టుకొని కూర్చున్న ఆయన కుమారుడు ఆ పెట్టె పట్టిక తెరిచి సరిచూసి తలూపాడు; కవాటం తీగల ప్లగ్గు విప్పి ఆకుపచ్చని చిలుము తండ్రికి చూపించాడు. వాసన తండ్రిది, సంకేతం కొడుకుది. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డురాకుండ పనిచేయడం నాకు నచ్చినది. పెట్టె విప్పితే ఆ దొంతరలో పొర పెచ్చులు పెచ్చులుగా లేచి ఉన్నది. మిగిలిన దొంతరలలో కూడ కొన్ని పలకలు ఉబ్బి ఉండగా అన్నిటినీ మార్చారు. సీళ్లు, వడపోత, నూనె కలిపి సర్వీసు కేంద్రం చెప్పిన దానిలో మూడవవంతుకు లోపల అయినది.

రిజిస్ట్రేషను కాగితం మీద పాత యజమాని చిరునామా సింగ్‌నగర్ వైపుది. ఆయనకు ఫోను చేశాను. కారు రెండు రోజులు నీటిలో ఉన్నదని దళారికి చెప్పే అమ్మానని, ఇంటి గోడలు ఆరకముందే డబ్బు అవసరమై వచ్చిన ధరకు ఇచ్చానని ఆయన అన్నాడు. అంత తక్కువకు ఇచ్చినందుకు ఇంట్లో ఇప్పటికీ అంటారట. కారు ఇప్పుడెట్లా నడుస్తున్నదని అడిగాడు. బాగున్నదని చెప్పాను.